జగదల్‌పూర్ పెళ్లికి ముందు ఓమ్ని

జగదల్‌పూర్ పెళ్లికి బయానా పదివేలు.
పోనూ రానూ తొమ్మిదివందల కిలోమీటర్లు,
మధ్యలో మారేడుమిల్లి ఘాటు.
మా ఓమ్ని లీటరుకి పదకొండు ఇస్తోంది,
అదీ మొహమాటానికి.
వేళ్ల మీద రెండుసార్లు లెక్కేశాను.
బండే తినేస్తుంది మొత్తం,
బూరలు ఊదే మేం గాలి మింగాలి.

మండపేట కాలవగట్టున ఖాసిం షెడ్డు.
ముందు సీటెత్తితేనే కదా ఈ బండికి గుండె కనబడేది.
ఎత్తి, చెవి ఒగ్గి,
"సన్నాయి పీక తడిసినట్టుందండీ గొంతు" అన్నాడు.
మాది సన్నాయి కాదు, క్లారినెట్టు.
అయినా అర్థమైంది.

ఎయిర్ ఫిల్టరు తీసి నేలకేసి కొట్టాడు.
ఏడాదంతా రాలింది:
ఇటుకబట్టీల ఎర్రదుమ్ము, రైసుమిల్లు ఊక,
ఊరేగింపుల్లో మా మీద చల్లిన చెమ్కీ.
"కొత్తదెందుకు, గట్టిగా ఊదితే చాలు."
ఊదడం మాకు చెప్పాలా!

నాలుగు టైర్లలో నాలుగు రకాల గాలి.
"శ్రుతి కలవని బ్యాండండి మీది."
తలుపు పక్క చీటీ చిరిగి అంకె సగమే మిగిలింది,
ఖాసింకి అది నోటికొచ్చు.
వెనక చక్రం జాకీ మీద లేపి తిప్పాడు.
రెండు చుట్లు తిరిగి మూలిగి ఆగింది.
"బ్రేకు పట్టేసిందండి.
ఇన్నాళ్లూ ఓ కాలితో ఆపుతూ ఓ కాలితో తోలుతున్నారు."
ఈ మాట మా ఆవిడా అంటుంది,
బండి గురించి కాదు.

ప్లగ్గులు గరుకు కాగితంతో గీకాడు.
అంతా కలిపి నూట ఎనభై. టీలు మావి.

"ఇక బరువు దింపండి."
దింపాం.
విరిగిన డ్రమ్ము స్టాండు,
ఎవరిదో ఒంటి బూటు,
బొత్తాలూడిన ఎర్రకోట్ల మూట,
రెండు బస్తాల పాత వైరు,
ఆలమూరు పెళ్లివారు డబ్బుకి బదులిచ్చిన అరటిగెల,
అంటే పళ్లు లేవు, ఎండిన కాడ.
కాడ ఎందుకు దాచావురా అంటే
బుల్లియ్య తల గోక్కున్నాడు.

అప్పుడు ఖాసిం పైకి చూశాడు.
టాపు మీద, ఎదురుగాలికి రొమ్ము విరిచి, బోర్డు.
బెత్లెహేము బ్రాస్ బ్యాండ్, మండపేట.
ప్రొప్రయిటర్: ట్రంపెట్ దైవసహాయం.
"గోడ కట్టుకుని పరిగెడుతున్నారండి.
అది తీస్తే లీటరుకి ఇంకో కిలోమీటరు."

ఎవ్వరం మాట్లాడలేదు.
కాలవలో గుర్రపుడెక్క మోపులుగా లాకుల వైపు పోతోంది.
దైవసహాయం పోయి మూడేళ్లు.
బేరాలు ఇప్పటికీ ఆయన నంబరుకే వస్తాయి,
ఆ సిమ్ము నా జేబులో ఉంటుంది,
"ఆయ్, చెప్పండి" అంటాను ఆయన గొంతుతో,
ఆ తర్వాత నా గొంతుతో రేటు చెబుతాను.

గనిరాజు స్పానరు అందుకున్నాడు.
బోల్టులు తుప్పుపట్టి కదల్లేదు.
కిరసనాయిలు పోసి, కాసేపాగి,
మళ్లీ పోసి.

తెల్లారగట్ల నాలుగింటికి బయల్దేరాం.
అరవై దాటలేదు.
ద్వారపూడిలో రైలు గేటు పడితే ఇంజను ఆపేశాను.
గూడ్సు వెళ్తున్నంతసేపూ
వరిచేలల్లో కప్పలు వినబడ్డాయి.
ఈ రోడ్డున ఇన్నేళ్లు తిరిగి, మొదటిసారి.

"బరువు దింపమన్నాడు కదా" అన్నాడు బుల్లియ్య,
కాళ్లకింద అడ్డంగా పడున్న బోర్డు చూసి.
"గాలికి తగలకపోతే చాల్లే" అన్నాను.

తిరుగుదారిలో గోకవరం బంకులో ట్యాంకు నింపి లెక్క చూస్తే
పద్నాలుగు, ఆపైన కొంచెం.
గనిరాజు ఈల వేశాడు.
పైపు తగిలిస్తూ బంకు కుర్రాడు
లోపల డ్రమ్ములు చూసి అడిగాడు:
"బ్యాండువాళ్లా? మీ బ్యాండు పేరేటండి?"

అందరం ఒకేసారి
కాళ్లు పక్కకి జరిపాం.