పది మైక్రోలీటర్లు

బొమ్మసంద్రలో కంపెనీ గేటు దగ్గర
బొటనవేలు పెట్టమన్నాడు సెక్యూరిటీ.
పెట్టాను. ఎర్ర దీపం.
చున్నీకి తుడిచి పెట్టాను. ఎర్ర దీపం.
"ఒత్తి మేడం, జోరాగి ఒత్తి."
ఏడేళ్ళుగా నేను చేసిందే ఒత్తడం అన్నా,
అని అనలేదు.

స్పిరిట్‌తో కడిగి కడిగి
గ్లౌజుల్లో నానబెట్టి నానబెట్టి
పిపెట్ నెత్తిన రోజుకు ఐదారొందల సార్లు నొక్కి నొక్కి
వంకలో గులకరాయిలా నున్నబడిన వేలు.
నేనెవరో దానికీ గుర్తున్నట్టు లేదు.
రిజిస్టర్ తెచ్చి రాయమన్నాడు.
డాక్టర్ వన్నూరమ్మ, అని రాస్తుంటే
"డాక్టరా?" అని
ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించబోయాడు.

లోపల ఉద్యోగం ఒకటి, కుర్చీలు పద్నాలుగు.
పక్కన తబస్సుమ్, ఎలుక మెదడుతో ఆరేళ్ళు.
ఆమెకు అటు పక్క కుర్రాడు, కాలేయం.
మూలన గడ్డం నెరిసినాయన, మూడు పోస్ట్‌డాక్‌లు.
ఆయన వైపు చూసి
ప్రతివాళ్ళం గబుక్కున ఫోన్లోకి తల దించేశాం.

గిన్నెలో కణాలు ఒకదాన్నొకటి ఆనుకోగానే
పెరగడం ఆపేస్తాయి, మంచివైతే.
పక్కదాని మీదెక్కి పెరిగేవాటి గురించి
నా థీసిస్‌లో నూట నలభై పేజీలున్నాయి.
ఆ గదిలో ఎవరూ ఎవరి మీదా ఎక్కలేదు.
తబస్సుమ్ కొబ్బరి బిస్కెట్లు తీసింది.
పద్నాలుగు మందికి పదకొండు.
విరుచుకుని సర్దుకున్నాం.

ఇంత చదివి ఈ చిన్న పోస్టుకెందుకు అన్నారు వీళ్ళు.
ఇంత చదివీ కంపెనీ అనుభవం లేదేం అన్నారు
పోయిన వారం వైట్‌ఫీల్డ్‌లో.
ఒక చోట వదులు, ఒక చోట బిగువు.
అద్దెకు తెచ్చుకున్న కోటు కాదే నా చదువు,
కొలతిచ్చి కుట్టించుకున్నదే.
పెళ్ళెప్పుడని అడగలేదు లెండి,
లాంగ్ టర్మ్ ప్లాన్స్ ఏంటన్నారు.

మధ్యలో ఈ ఖాళీ ఏమిటన్నారు.
ఫెలోషిప్ తొమ్మిది నెలలు రాలేదనీ,
రాకపోయినా ఆదివారం ఆదివారం పోయి
కణాలకు అన్నం మార్చి వచ్చేదాన్ననీ
(అన్నమనే అనేదాన్ని. మీడియా మార్చానంటే
ఏ పేపర్లోకి మారావే అనేది మా అక్క)
బంద్ రోజు హెబ్బాళ నుంచి నడిచే పోయాననీ
చెప్పాలని నోటిదాకా వచ్చింది.
స్కిల్ డెవలప్‌మెంట్ అన్నాను.

తర్వాత ల్యాబులోకి తీసుకుపోయారు.
నీలం రంగు నీళ్ళు. తొంభై ఆరు గుంటలు.
గుంటకు పది మైక్రోలీటర్లు.
స్టాప్‌వాచ్ నొక్కారు.

వేలు దిగింది.
మొదటి మెట్టు దగ్గర ఆగింది, పీల్చింది,
రెండో మెట్టు దాకా పోయి వదిలేసింది.
గేటు దగ్గర పనికిరాని వేలే.
వయసూ, ఖాళీ, పీజీకి రెండు నెలల బాకీ
ఆ బొట్టులో పట్టేవి కావు.
ఎనభయ్యో గుంట దగ్గరనుకుంటా,
ఇది ఇంటర్వ్యూ అన్న సంగతే మరిచిపోయాను.

తలెత్తితే
ప్యానెల్లో ఒకాయన కాల్ మాట్లాడుకుంటూ బయటికెళ్ళాడు,
ఇంకొకామె నా బయోడేటా తిరగేస్తోంది.
ప్లేటు చూసింది నేల తుడిచే జయమ్మొకతే.
వంగి, కళ్ళు చిట్లించి,
"ఎల్లా ఒందే సమ ఇదె" అంది.
అంతా ఒక్క సమానంగా ఉందట.

పోయేవాళ్ళు కూడా వేలు పెట్టాలంట.
ఎర్ర దీపం.
"మీరు లోపలికి రానే లేదంటోంది మెషిను,
బయటికెట్లా పంపేది?" అని నవ్వాడతను.
కూర్చోమని మోకాలు చూశాను.
వాచి ఉంది. ఎక్స్‌రే తీయించుకో అన్నాను,
నేను ఆ డాక్టర్ని కాదన్నాను.
ఏదో ఒక డాక్టరే కదా అన్నాడు.

మెట్రో మెట్ల మీద తబస్సుమ్ ఎదురుచూస్తోంది.
ఎక్కడన్నా ఖాళీ ఉంటే చెప్పుకుందాం, నంబరివ్వు అంది.
ఫోన్ నా వేలిని ఒప్పుకోలేదు.
అంకెలు కొట్టి తెరిచాను.