కాలవ కట్టేసిన నెల

ఏప్రిల్ చివర లాకులు దించేశారు.
మూడోనాటికి కాలవ అడుగు తేలింది.
ఒంటి చెప్పులు, తుప్పట్టిన సైకిల్ చైను,
బురదలో సగం కూరుకుపోయిన స్టీలు గ్లాసు,
దాని మీద చెక్కిన పేరు: పి. మహాలక్ష్మి.
ఏడాదంతా వీటి మీదుగానే
నీళ్ళు అంత నిమ్మళంగా నడిచాయి.

వంతెన మీద నించుని చూస్తున్నాను.
నా జేబులో గడువు దాటిన కరెంటు బిల్లు.

గేజీ రాయి పక్కన చతికిలబడి
లస్కరు ఏసుపాదం గారు బైండు పుస్తకంలో ఏదో రాస్తున్నారు.
నీళ్ళే లేవు కదండీ, ఏం రాస్తారు?
"సున్నా" అన్నారాయన తల ఎత్తకుండా.
"సున్నా కూడా రాయాలండి.
ఇయ్యాల మానేస్తే
నీళ్ళొచ్చిన రోజుకి పుస్తకం ఎక్కడుందో వెతుక్కోవాలి."

నాది లొల్ల లాకుల దగ్గర
మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే కొట్టు.
బాగుచేసేవాడి కొట్టంత పాడైన చోటు
ఈ చుట్టుపక్కల ఇంకోటి ఉండదు.
పచ్చడి సీసాల్లో మరలు, మరల డబ్బాలో మందుబిళ్ళలు.
పోయినేడు ఎండల్లో ఇచ్చిన టీచరమ్మ గారి టేబులు ఫ్యాను
ఈ ఎండలకీ నా దగ్గరే నిద్ర.
"రేపు రండి" అని
రోజుకి ఎన్నిసార్లు అంటానో
రాసే పుస్తకం లేదు, నయం.

ఆ రాత్రే సర్దేద్దామని కూర్చున్నాను.
బల్ల మీదవి స్టూలు మీదికి,
స్టూలు మీదవి మంచం కిందికి.
తెల్లారేసరికి నడుం పట్టేసింది, కొట్టు అలాగే ఉంది.

పూడిక తీసే కూలీలను చూశాక తెలిసింది తప్పు.
వాళ్ళు కాలవంతా ఒక్కరోజున తవ్వరు.
పొద్దున్నే రెండు కర్రలు పాతుకుంటారు,
ఆ కర్ర నించి ఈ కర్ర దాకా,
అంతే ఇయ్యాల్టి లోకం.
తీసిన మట్టి గట్టంచున పొయ్యనివ్వదు మేస్త్రి మంగతాయారు:
"తొలకరికి మళ్ళీ లోపలికే జారుద్ది,
అవతల పొయ్యండ్రా!"

నేనూ రెండు కర్రలు పాతుకున్నాను.
ఒక అర. ఒక్క అరే.
పనికిరాని మోటార్లు స్టూలు మీదికి కాదు,
పాతినుము కొనే వీరన్న బండిలోకి.
వచ్చిన ప్రతి వస్తువుకీ మెడలో చీటీ:
ఎవరిది, ఏం జబ్బు, ఏ రోజు.
పడుకునే ముందు కేలండరు గడిలో
ఎన్ని బాగయ్యాయో అంకె.
మొదటి వారం: రెండు, సున్నా, ఒకటి, సున్నా, సున్నా.
ఆరోనాడు రాయడమే మర్చిపోయాను.
ఏడోనాడు ఆ ఖాళీ గడిని చూసి సిగ్గేసింది,
సున్నాలని చూసి వెయ్యలేదు.

జూన్లో నీళ్ళు వదిలారు.
ముందు మురికిగా, నురగతో, పుల్లా పుడకా తోసుకుంటూ,
తర్వాత మామూలుగా.
నేనేం మారిపోలేదు, బిల్లు ఈ నెలా ఒకరోజు ఆలస్యం.
కానీ టీచరమ్మ గారి ఫ్యాను ఆవిడ ఇంట్లో తిరుగుతోంది.
చీకట్లో చెయ్యి చాపినా టెస్టరు దొరుకుతోంది.

ఆ గ్లాసు తోమి బల్ల మీద పెట్టుకున్నాను, పెన్నుకి.
దానికీ ఒక చీటీ కట్టాను:
పి. మహాలక్ష్మి గారిది.
జబ్బేమీ లేదు.
అడిగితే ఇచ్చెయ్యాలి.