నలభయ్యొకటో షాటు

హారర్‌కి తలుపు కిర్రుమనాలి.
ప్రేమకి చున్నీ ఎగరాలి.
పగకి వాన పడాలి, పడుతూనే ఉండాలి.
ఎబినేజరు సారు బోర్డు మీద రాస్తుంటే
సరుకుల చీటీలా ఎక్కించుకుంటున్నాను.

'జాన్రా అంటే ఏమిటి?'
వెనక బెంచీ నుంచి తవిటినాయుడు: 'ఒట్టు, సార్.'
అందరూ నవ్వారు. సారు నవ్వలేదు.
'అదే. తీసేవాడికీ చూసేవాడికీ మధ్య ఒట్టు.
దాన్ని ఎక్కడ తప్పాలో తెలిసినవాడు...'
కరెంటు పోయింది.

అసైన్‌మెంటు: ఒక పాట. శబ్దం తీసేసి చూడాలి,
షాట్లు లెక్కపెట్టాలి.

నేను పుట్టకముందు మా విశాఖలోనే తీసిన పాట.
జాలారిపేటలో మేడ మెట్ల మీద, ఫోన్లో.
మ్యూట్ చేస్తే ఎంత వింతగా ఉంటుందో!
ఒడ్డున పడ్డ చేపల్లా రెండు నోళ్లు ఆడుతుంటాయి.
డాల్ఫిన్స్ నోస్ కింద పరుగు మొదలెట్టిన హీరోయిన్
ఒక్క కట్‌తో భీమిలిలో తేలుతుంది,
చెమట పట్టదు.
సముద్రం ప్రతి షాట్లోనూ ఉంది,
బత్తా లేని జూనియర్ ఆర్టిస్టులా.
మా సముద్రం కాదది. వాసన లేదు.
వలల్లేవు, ఎండే నెత్తళ్లు లేవు,
పొద్దున్నే చెంబుతో దిగే మగాళ్లు లేరు.

ముప్పైతొమ్మిది. నలభై.
నలభయ్యొకటి:
హీరో భుజం వెనక, ఎడమ అంచున,
ఫోకస్ అందని చోట
నెత్తిన తట్టతో ఒక ఆడమనిషి.
అర సెకను. పన్నెండు ఫ్రేములు.
వేలితో ఒక్కొక్కటే జరిపాను.
ఆరో దాంట్లో తల తిప్పింది.
ఆ తిప్పడం నాకు తెలుసు.

పరదేశమ్మత్త కళ్లు చికిలించి
ఉప్పు తినేసిన బొటనవేలితో తెర తుడిచింది.
'ఓలమ్మో, నానేనే!
ఆ దినం ఒలలన్నీ తీయించీసినారు. కంపంట.
సేపలెండేసిన కాడ తివాసీ పరిసినారు.
నాను ఎల్లకపోతే బేరం పోదేటి?
అడ్డంగా ఎల్లిపోనాను. ఎవుడో కేకేసినాడు.
ఆడేపే సూత్తన్నాను.'
కాసేపాగి, 'అంతేనేటి నాది?'
మళ్లీ పెట్టమంది. మళ్లీ.
పదకొండు సార్లు చూసింది,
ఎవరు ఎవర్ని ప్రేమిస్తున్నారో మాత్రం అడగలేదు.

నోటుబుక్కులో చివరి గడి ఖాళీ:
'సంప్రదాయం తప్పిన చోటు.'
రాయలేకపోయాను.

రెండో అసైన్‌మెంటు: మూడు నిమిషాల పాట, సొంతంగా.
తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను,
నాలుగొందల అద్దె కెమెరాతో.
వేలం పాట.
అదీ పాటే కదా.
'మూడొందలు మూడొందలు మూడొందలిరవై'
తాళం తప్పదు, పెదాలు కలపక్కర్లేదు.
ఐసు పగిలిన చోట కట్.
అత్త తట్ట ఎత్తిన చోట కట్,
ఈసారి నట్టనడుమ.
అప్పుడే జాగింగ్ బూట్ల కుర్రాడొకడు
ఫోన్లో సూర్యోదయాన్ని పట్టుకుంటూ
కెమెరాకి అడ్డంగా నడిచాడు.
కేకెయ్యబోయి,
తెరిచిన నోరు మూసుకున్నాను.
ఉంచేశాను వాణ్ని. పన్నెండు ఫ్రేములు.

క్లాసులో లైట్లు వేశాక సారు అడిగారు,
'ఏ జాన్రా ఇది?'
చెప్పేలోపు
తవిటినాయుడు ముక్కు మూసుకున్నాడు.
వాడి మీద కోపం రాకపోవడం
అదే మొదటిసారి.