తిరుగు టపా

హియుమా దీవిలో ఉత్తరాలు పంచేది నేనే,
ఇరవై రెండేళ్ళుగా.
కవరు విప్పకుండానే లోపలి వాతావరణం చెప్పగలను,
వేళ్ళతో తూచి.

విర్వె ఇంట్లో కుక్క కూడా
ఆమె మొహం చూసి గానీ మొరగదు.
చెల్లెలు లేలో అంతే.
ముప్పై నాలుగేళ్ళ మనిషి,
చలికోటు గుండీ పెట్టుకోవాలన్నా
ఒకసారి అక్క వైపు చూసేది.
"దానికి లోకం తెలీదు పాపం," అనేది విర్వె
నాకు కాఫీ పోస్తూ.
నేను తల ఊపేవాణ్ణి.
కాఫీ బాగుండేది.

మార్చిలో, మంచు దారి మూసేసే ముందురోజు,
కుట్టుమిషను వెనక సీట్లో పెట్టుకుని
గడ్డకట్టిన సముద్రం మీదుగా
లేలో హాప్సాలు వెళ్ళిపోయింది.
ఆ దారిలో సీటు బెల్టు పెట్టుకోకూడదు,
మంచు విరిగితే దూకాలి కదా.
ఏదీ కట్టేయని ఆమె మొదటి ప్రయాణం
నిబంధన ప్రకారమే జరిగింది.

మొదటి ఉత్తరం లావుగా ఉంది.
కలం కాగితాన్ని చీల్చిన చోటు
కవరు మీంచే వేలికి తగిలింది.
మర్నాడు ఇంకోటి, పల్చగా,
ఆస్పత్రి పేరున్న కవరులో.
ఆ పొద్దునే విర్వె కట్టెలు కొడుతోంది,
దెబ్బకి రెండు చెక్కలు.
నన్ను చూసి
గొడ్డలి వదిలి నడుము పట్టుకుంది.

తర్వాత పార్సెళ్ళు.
ఏముందో అడక్కపోయినా చెప్పేది:
పొగబెట్టిన చేప, అమ్మ ఉంగరం,
చిన్నప్పటి ఊలు చేతితొడుగులు.
అన్నీ తిరిగొచ్చాయి.
చేతితొడుగులు కూడా.

ఇక కాగితం మానేసి
ఊరినే కవరు చేసుకుంది.
లేలో డబ్బు ఎత్తుకుపోయిందట,
లేలోకి మతి చలించిందట,
వెనక ఎవడో ఉన్నాడట.
ఒక గొంతులో పుట్టిన అటలు
పది గొంతులు మారి నా దాకా వచ్చాయి.
ఒకటి నేనూ చేరవేశాను.
దానికి స్టాంపు కూడా అడగలేదు.

జూన్‌లో లేలో కార్డు రాసింది,
అక్కకి కాదు, పోస్టాఫీసుకి.
"విర్వె పంపేవి నా దాకా రానివ్వకండి.
ఇక్కడ కిటికీ తెరిస్తే కొంగలు కనిపిస్తాయి."
రెండో వాక్యం ఎందుకో
అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.
నాకు కొంచెం అయింది.

ఆ కబురు చెప్పినప్పుడు విర్వె
గేటు దగ్గర నిలబడి
తాడు జారిపోయిన చేతిని
జేబులో పెట్టుకుంది, తీసింది,
మళ్ళీ పెట్టుకుంది.
నేను మలుపు తిరిగాక వెనక్కి చూశాను.
ఏడవడం ఆపేసింది.

నిన్న సంచిలో ఒక కవరు.
అదే దస్తూరి, ఈసారి గుండ్రంగా, నెమ్మదిగా.
పైన నా పేరు, ఎండెల్ అని.
భార్య పోయి ఏడాదైన ఇంటికి
కాఫీ వాసన ఎంత దూరం నుంచి తెలుస్తుందో
ఆమెకి తెలుసు.

వేళ్ళతో తూచాను.
వెచ్చగా ఉంది.
ఆ వెచ్చదనం కావాలనే అనిపించింది,
అబద్ధమెందుకు.

బల్ల మీద ముద్ర ఉంది,
"ఈ చిరునామాలో లేరు."
సిరా ఎండిపోయింది.
నోటితో ఆవిరి ఊది
రెండుసార్లు కొట్టాను.