నాలుగు తలలు, ఒక బకెట్

మిందేలోలో ఈ శనివారం కుళాయి రాలేదు.
సముద్రంలో ఉప్పు తీసి
లీటర్ల లెక్కన అమ్మే ఊరు మాది.
నీలం డ్రమ్ము అడుగున గీకితే
ఒక బకెట్ తేలింది.
కడగాల్సిన తలలు నాలుగు.

కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమేనంటారు.
ఇక్కడ ముందు నీళ్లుండాలి.

పెద్దది ఇవాంద్ర. దాని జుట్టు అల.
ఆముదం ఒక్క చుక్క ఎక్కువైతే
ఒడ్డున పడ్డ నాచులా నెత్తికి అతుక్కుపోతుంది.
తల వంచి, కొసల్ని గుప్పిట్లోకి తీసుకుని
పైకి నలిపి వదిలేయాలి.
తువ్వాలు వద్దు, నాన్న పాత బనీను చాలు.
ఆరేదాకా ముట్టుకోకూడదు.
దువ్వెన కనిపిస్తే చాలు, అలిగి ఉబ్బుతుంది,
జుట్టూ, అదీ.

ఒడయిర్‌వి పెన్సిల్ చెక్కినప్పుడు రాలే చుట్టలు.
బడిలో ఏమన్నారో చెప్పడు గానీ
గుండు కొట్టించమని మూడు రోజులుగా గొడవ.
సరే, ముందు చిక్కు తీద్దాం, తర్వాత చూద్దాం అన్నాను.
మా పెద్దమ్మ శాంతియాగో నుంచి
చెరుకు సారా సీసాలో పోసి పంపిన ఆముదం అది.
తలకు రాసినా సరే
తాగిన మొహమే పెట్టాడు.
చుట్టల్ని ఒక్కొక్కటే వేలికి చుట్టి వదిలాను.
అద్దంలో ఓరగా చూసుకున్నాడు.
గుండు మాట మళ్లీ ఎత్తలేదు, ఇవాళ్టికి.

ఇక జెనైద.
పెన్నులోని స్ప్రింగు కన్నా బిగువు దానివి.
సగం నీళ్లు దానికోసమే దాచాను.
తలను నాలుగు పాయలు చేసి
మూడింటికి బట్టల క్లిప్పులు పెట్టి
నాలుగో పాయకి కలబంద గుజ్జు పట్టించి
ముందు వేళ్లతో, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో
కొస నుంచి మొదలుకి.
ఎప్పుడూ కొస నుంచే.
ఏ చిక్కయినా అంతేననేది మా అమ్మ,
అప్పులతో సహా.

తడి పాయ ఒకటి పట్టి లాగితే
వీపు సగం దాకా వచ్చింది.
వదిలాను. చెవి దగ్గరికి ఎగిరిపోయింది.
"ఎక్కడికి పోయిందమ్మా?"
పోలేదే, ముడుచుకుని కూచుంది.
ఎడారి దుమ్ము కమ్మిన రోజున
ఎదురుగా ఉన్న శాంతు అంతావు దీవి
మనకు కనిపిస్తుందా?
అది ఆలోచించింది.
"పడవ వెళ్తుంది కదా."
అవును, పడవ వెళ్తుంది.

రెండు గంటలు పట్టింది.
నా మోకాళ్ల మధ్య అది రెండుసార్లు నిద్రపోయింది,
ఒకసారి ఏడ్చింది,
ఒకసారి నన్ను కొరికింది.
చివరికి తలంతా సన్నటి జడలు,
కొసన ఆకుపచ్చ పూసలు.
తల ఊపితే గలగల. వద్దన్నా ఊపింది.

నాలుగో తల నాది.
బకెట్ బోర్లించి ఉంది.
ఇరవై ఏళ్లు ఇస్త్రీ చేసిన జుట్టు ఇది,
హోటల్ కౌంటర్ వెనక నిలబడడానికి.
ఎడమ చెవి మీద దాని మచ్చ.
పని మానేసి ఎనిమిది నెలలు.
మాడు దగ్గర నాలుగు వేళ్ల మేర
ఎవరిదో జుట్టు పుడుతోంది,
చిన్నగా, ముడతలు ముడతలుగా.
అక్కడి నుంచి కిందికి చీపురు పుల్లలు.

చిమ్మే సీసాలో కాస్త నీరుంటే
జెనైద నా వెనక స్టూలెక్కింది.
నాలుగు పాయలు చేసింది, వంకరగా.
క్లిప్పులు పెట్టింది, నొప్పిగా.
"ఇక్కడ గీత ఉందమ్మా.
గీతకు పైన నాలా ఉంది."

కత్తెర తెమ్మన్నాను.
అద్దం పట్టుకోమన్నాను.
దాని చేతుల్లో అద్దం వణికింది,
అందుకే ఒక్క పాయే కోశాను.
కొస పైకి చుట్టుకుని
చెవి మీది మచ్చ దగ్గర ఆగింది.

మిగతాది సోమవారం.
కుళాయి వస్తే.