గాలి పీల్చి ఆపు

లాల్‌బజార్‌ల మా దుకాణం ముంగట
పొద్దుగాల నాలుగింటికే బూట్ల చప్పుడు.
భర్తీ ఉన్నదని తెలుసుకోనీకి నాకు పేపరక్కర్లేదు,
ఉడకబెట్టిన గుడ్ల బండి మల్లారం
ముందురోజే రెండు ట్రేలు ఎక్కువ తెచ్చుకుంటడు.

పోరగాండ్లు షట్టర్ కొడ్తరు.
"అన్నా, జర చాతీ కొలువవా?"
మెడల టేపున్నోడు డాక్టరే వాళ్ల లెక్కల.
చుడ్త. గాలి పీల్చు. ఆపు.
ఖాళీగ డెబ్బై ఏడు. నిండితే ఎనభై రెండు కావాలె.
ఎనభై ఒకటిన్నర కాడ ఆగిపోయిండు నర్సాపూర్ పోరడు.
మొఖం ఎర్రగయిందిరా, ఇడువు ఇడువు, అన్నడు వాని దోస్తు.
ఎర్రగయిందేమో.
నాకు తెల్వదు.

నేను సుత ఉరికిన ఒకనాడు, గదే గ్రౌండుల,
గుంత దుంకిన, కట్టె మీద నడిచిన,
ఆఖరు గదిల డాక్టరు పుస్తకం తెరిచిండు.
"ఇందుల ఏం నంబరున్నది?"
"చుక్కలున్నయి సార్."
"చుక్కల నడుమ?"
"ఇంకిన్ని చుక్కలు సార్."
ఆయన నవ్వలే. నేను సుత నవ్వలే.
గుల్‌మొహర్ పూసిందని అందరు చెట్టును చూసి చెప్తరని
నాకు ఆ దినమే ఎరుకయింది.
అప్పటిదాంక నేను
రోడ్డు మీద రాలినంక చూసి చెప్పేటోణ్ణి.

ఇప్పుడు వర్దీలు కుడ్త. నా బతుకే గది.
వాళ్లు దాన్ని ఆకుపచ్చ అంటరు,
నా కంటికి పాత చింతపండు.
దారం కండెల మీద మా బాలామణి
బాల్‌పెన్నుతోటి అక్షరాలు రాసి పెడ్తది.
ఆమె సిద్దిపేట పోయిననాడు
ఒక సుబేదార్ సాబ్ మెడల్ పట్టీలు తెచ్చిండు, తెల్లారితే పరేడు.
తారుమారు కుట్టిన.
తిడ్తడనుకున్న. స్టూలు మీద కూసుండి
బ్లేడుతోటి ఒక్కొక్క కుట్టు తనే ఇప్పుకుంట అన్నడు:
"ఈ ఎడమ చెవి ఇనపడదు నాకు, తోపుల కాడ పోయింది.
లోపలికొచ్చేటప్పుడే చూస్తరు బేటా,
బయటికి పోయేటప్పుడు ఎవ్వరడగరు."

మధ్యాహ్నానికి తిరిగొస్తరు కొందరు.
నీళ్లడుగుతరు. ఇంట్ల ఏం చెప్పాలె అని అడుగుతరు.
ఒకనికి అరికాలు గచ్చుకు అతుక్కపోతదంట, చీమ దూరే సందు లేదంట.
ఒకడు ముంజేతి మీద శిరీష అని రాపిచ్చుకుండు,
ఆ పిల్ల పెండ్లయి మూడేండ్లు, పేరు మాత్రం పోలే.
పదో తరగతి సర్టిఫికెట్ల తండ్రి పేరుకు ఒక అక్షరం తక్కువ.
రెండు సెకండ్లు. వట్టి రెండు సెకండ్లు,
అదీ ముంగటోడు పడితే లేపనీకి వంగిండని.

ముజ్తబా ఆటో నడుపుతడు, బోయిన్‌పల్లి నుంచి బొల్లారం దాంక.
వాని పిలుపు కాయితం బియ్యం డ్రమ్ము కింద దొరికింది,
రంజాన్‌కు ఇల్లు కడుగుతుంటే, రెండేండ్లకు.
పెట్టింది వాళ్లమ్మనే.
పెద్ద కొడుకు పెట్టెల వచ్చినంక
చిన్నోణ్ణి పంపనీకి ఆమెకు చెయ్యి రాలే.
వాడు అమ్మను ఒక్క మాట అనలే.
సీటు కవర్లు మాత్రం మిలిటరీ గుడ్డతోటే కుట్టమన్నడు.
మాసితే మళ్ల అదే గుడ్డ.

నేనేం చెప్పిన ఇంట్ల?
ఎత్తు సాలలేదన్న.
నాయిన బీడీ ఆర్పిండు, నన్ను గడప కాడ నిలబెట్టి
పక్కకు తను నిలబడ్డడు.
నా తల ఆయన తల కంటె నాలుగేళ్లు పైకుండె.
"ఔలే," అన్నడు, "సాలనట్టే ఉన్నది."

నర్సాపూర్ పోరడు ఇంక పోలే.
మళ్లొకసారి కొలువన్నా అంటున్నడు.
కొలిచిన. గదే ఎనభై ఒకటిన్నర.
టేపు పాతదిరా, రబ్బరు లెక్క సాగింది,
అర సెంటీమీటరు తక్కువ చూపిస్తది, నువ్వు పో అన్న.
నిన్న మోండా మార్కెట్ల కొన్న టేపు.

వాడు గాలి పట్టుకొనే
గ్రౌండు దిక్కు ఉరికిండు.