మెడ పదిహేనున్నర

గాంధీ ఆస్పత్రి, ఎముకల వార్డు, కిటికీ పక్క మంచం.
తుంటి విరిగిన నాన్న బయటికే చూస్తూ అడిగాడు:
"జైలు గోడ ఎటు దిక్కుండె బిడ్డా?"

కింద ఆటోలు, టోకెన్ల క్యూ, అరటిపళ్ళ బండి.
ఎటని చూపను?
జైలు కూలగొట్టి ఆస్పత్రి కట్టారు.
ఉరికంబం చోట ఇప్పుడు లిఫ్టుందో, మందుల కౌంటరుందో.

చాకు నర్సింగ్‌ను ఉరితీసింది ఇక్కడే.

చిక్కడపల్లిలో ఆ పేరు చెప్పి
మాకు అన్నం తినిపించేవాళ్ళు.
ధూల్‌పేటలో పుట్టి, సైకిల్ పంక్చర్లు అతికి,
పదిహేడో ఏట గుడుంబా బాకీకి మొదటి పోటు.
తర్వాత బేగంబజార్ వడ్డీ సేట్లు, ఒకరి వెనక ఒకరు.
గౌలిగూడ పాలాయన దగ్గర పైసా లేదు,
ముఖం చూశాడని పొడిచాడు.
మొత్తం ఐదు.
ఐదింటికీ సాక్షులు రాలేదు.
ఆరోదానికి వచ్చారు:
మొజంజాహీ మార్కెట్ దగ్గర అత్తరు వ్యాపారి, శుక్రవారం, రాత్రి పది.

"ఐదు నావే సాబ్, రాస్కోండ్రి. ఆరోది నాది గాదు."
ఊరు ఆ మాట చెప్పుకుని చెప్పుకుని నవ్వింది.

ఉరి తెల్లారి ఇరానీ హోటల్లో చాయ్ ఉత్తగనే పోశారట.
ఒక ముసలి వకీలు మాత్రం వారం పాటు
పేపర్లకు ఉత్తరాలు రాశాడు.
ఒకటి అచ్చయింది, సగం కోసి.
నాన్న ఆ రోజు షాపు తెరవలేదు.

నిన్న ఆధార్ జిరాక్సు కోసం ట్రంకు వెతికితే
కొలతల పుస్తకం దొరికింది.
నర్సింగ్. షర్టు. తెలుపు మీద నీలం గీతలు.
ఛాతీ ముప్పై ఎనిమిది.
చెయ్యి ఇరవై మూడున్నర.
మెడ పదిహేనున్నర.
అడ్వాన్సు నాలుగు రూపాయలు.
కింద పెన్సిలుతో: కరెంటు లేదు, దీపం పెట్టి కొలిచిన, మల్ల జూడాలె.
తేదీ అదే శుక్రవారం.

పుస్తకం మంచం మీద పెట్టాను.
నాన్న దాన్ని ముట్టలేదు. చాలాసేపటికి,
"రెండో ఆట షురూ అయినంక వచ్చిండు.
పోలీసోళ్ళు నన్నడగలే.
అడిగితే చెప్తుంటినేమో."

గ్లూకోజు చుక్కలు లెక్కపెట్టినట్టు పైకి చూశాడు.
"పాలాయన పెండ్లాం జాకెట్లు నేనే కుడుతుంటి.
ఆమె మొకం జూసినంక నోరు రాలే.
ఆ ఐదు వాడే జేసిండు గద, బిడ్డా?"

నేనేమీ అనలేదు.
"మరి షర్టు?"
"కుట్టిన. తీస్కపోనీకి ఎవ్వరు రాలే."

మూడో తరగతిలో నాకొక అంగీ ఉండేది,
తెలుపు మీద నీలం గీతలు.
చేతులు కత్తిరించాడు, పక్కలు కలిపి కుట్టాడు,
కాలరు ఒక్కటి వదిలేశాడు.
పైగుండీ పెట్టుకున్నా
మెడ చుట్టూ ఇంకో పిడికిలి పట్టేది.
"పెరుగుతవు తియ్" అనేవాడు,
నా వైపు చూడకుండా.